చప్పబడిన నీళ్ళు

కాలువలు కట్టేసిన నాలుగో రోజున రమేష్ బాబు గారు చెరువులో రొయ్య పిల్ల వదిలారు. ఏప్రిల్లో గోదావరి కాలువలు కట్టేస్తే మళ్ళీ జూన్‌లో వదిలేదాకా భీమవరానికి దిగువనున్న మా చెరువులకి బోరు నీళ్ళే దిక్కు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు. రొయ్యకి ఉప్పు కావాలి గనక దానికెవరూ బాధపడరు.

నేనూ, మా ఆడది సంపూర్ణమ్మా ఆ చెరువు గట్టు మీదే రేకుల షెడ్డులో ఉంటాం. చెరువు రమేష్ బాబు గారు లీజుకి తీసుకున్నది. మేత చల్లడం, ట్రేలు ఎత్తి మేత తిన్నాయో లేదో చూడటం, ఏరియేటర్లు వేయడం మా పని. ఏరియేటర్లంటే నీళ్ళ మీద తేలే చక్రాలు. అవి తిరుగుతూ నీళ్ళను చిలికితేనే రొయ్యకి గాలి అందుతుంది. మబ్బు పట్టిన రోజున అవి ఆగితే రొయ్య ఉండదు. రొయ్య లేకపోతే గట్టు మీద మాకూ పని లేదు. షెడ్డూ ఉండదు.

నాకు చదువు మూడో తరగతితో సరి. మాట కూడా అంతంతే. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి మూగవాడనుకుని వాళ్ళమ్మ ఏడ్చిందని సంపూర్ణమ్మ ఇప్పటికీ చెబుతుంది. నాకున్న విద్యల్లా ఒకటే. నీళ్ళు నాలిక మీద వేసుకుంటే లీటరుకి ఉప్పెన్ని గ్రాములో చెప్పేస్తాను. ఏళ్ళ తరబడి ఉప్పు చెరువుల మీద బతకడం వల్ల వచ్చింది, అంతే.

వారానికోసారి ల్యాబు నుంచి ఆశాజ్యోతి స్కూటీ మీద వచ్చేది. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేస్తుంది. ఉప్పు మాత్రం గట్టు మీదే చూస్తుంది. కలమంత మీటరు ఒకటి ఉంది దాని దగ్గర. మోటార్లు బాగుచేసే ఎజ్రా కూతురే. చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్ల.

"ముందు నువ్వు చెప్పు తాతా" అనేది.

అలాగే ఒకరోజు నేను దోసిట్లోంచి ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను.

"పద్నాలుగు."

గ్లాసులో మీటరు ముంచింది. "పద్నాలుగు పాయింట్ రెండు."

"ఆ రెండూ నీ గ్లాసు అడుగున ఉండుంటాయి. కడిగావా?"

నవ్వింది. "నువ్వుండగా నాకు ఇదెందుకు తాతా. నిన్నే బండి వెనక కట్టుకు తిరుగుతాను."

"తీసుకుపో తల్లీ" అంది షెడ్డులోంచి సంపూర్ణమ్మ. "గోలుండదు. మేత కూడా తక్కువే."

నేను మీటరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. "దీనికి నాలికెక్కడుంది?" అన్నాను.

"నాలిక లేదు తాతా. చివర రెండు ముళ్ళున్నాయి చూడు. ఒకదాన్నుంచి ఇంకోదానికి నీళ్ళలోంచి కరెంటు పంపుద్ది. ఉప్పుంటే బాగా పోద్ది. లేకపోతే పోదు. ఎంత పోయిందో చూసి ఉప్పెంతో చెబుతుంది."

"రుచి తెలీదన్నమాట."

"తెలీదు."

ఆ మాట నాకు నచ్చింది. ఆశాజ్యోతి మా తాగేనీళ్ళ క్యాను లోంచి ఒక గ్లాసు వంపి అందులోనూ ముంచి చూపించింది. సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన ఒకటి.

"చూశావా. ఇందులో పోవడానికి దానికి దారి లేదు. ఉప్పే దారి" అంది.

చప్పనీళ్ళలో కరెంటు పోదు. మూడో తరగతి వాడికి అంత తేలిగ్గా అర్థమయ్యే పాఠం ఎవరూ చెప్పలేదు. మనసులో మేకు దిగినట్టు దిగింది.

మే నెల ఎండల్లో ఫీజు కాలడం మొదలైంది. గట్టు చివర చెక్క పెట్టెలో కరెంటు బోర్డుంది. అందులో మూడు తెల్ల పింగాణీ ఫీజులు. కుడివైపుది రోజుకి రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు కాలిపోయేది. చక్రాలు ఆగిపోతే నేను ఆ ఎండలో మోకాలు ఈడ్చుకుంటూ గట్టు చివరిదాకా పోయి, ఫీజు లాగి, కొత్త తీగ కట్టి, మళ్ళీ షెడ్డుకి వచ్చేవాణ్ణి. చెమట ఆరేలోపు మళ్ళీ కాలేది.

ఎజ్రా వచ్చి చూశాడు. వాడు బోర్డు తెరవక ముందే మాట్లాడటం మొదలుపెట్టి, మూసేశాక కూడా ఆపడు.

"అన్నా, ఊరికే కాలదు ఇది. నీళ్ళలో ఎక్కడో కేబుల్‌కి దెబ్బ తగిలుంటది. కరెంటు చెరువులోకి కారిపోతంది. కేబుల్ మొత్తం ఎత్తి చూడాలి. ఈ వారం నాకు ఆకివీడులో రెండు మోటార్లున్నాయి. పైవారం వస్తాను. అందాకా కాలినప్పుడల్లా ఒంటి పోగు తీగే కట్టు. వింటున్నావా? ఈయన నోటిక్కూడా ఫీజుంది వదినా. మాట వచ్చేలోపే ఎగిరిపోద్ది."

"నలభై ఏళ్ళ నుంచీ కడుతున్నాను మరిదీ" అంది సంపూర్ణమ్మ. "నిలవదు."

ఎజ్రా వెళ్ళిన మర్నాడు ఎండ మరీ ఎక్కువగా ఉంది. ఫీజు మూడోసారి కాలింది. మోకాలు వాచి ఉంది. పెట్టె ముందు చతికిలబడి, రెండు పోగులు మెలేసి కట్టాను.

ఆ రోజు మళ్ళీ కాలలేదు. ఆ తరవాత వారానికోసారి కాలేది. ఆ మాత్రం తిరుగుడు నా మోకాలికి ఎక్కువ కాదు.

చెరువులో నాలుగు రోజులకోసారి గొలుసు లాగాలి. అడుగున మేతా, మడ్డీ చేరి కుళ్ళుతుంది. బరువైన ఇనప గొలుసుని చెరువు అడుగున ఈడిస్తే ఆ మడ్డి కదిలి చెడుగాలి పైకి పోతుంది. గొలుసుకి రెండు కొసలా తాళ్ళుంటాయి. నేను లోతుకి దిగలేను గనక గట్టువార మోకాల్లోతులో ఒక కొస పట్టుకుంటాను. లోపలి కొస సంపూర్ణమ్మది. నడుం పైదాకా నీళ్ళలో, చక్రాల పక్కనుంచి నడుస్తుంది. మడ్డి కదిలినప్పుడే రొయ్యకి గాలి ఎక్కువ కావాలి గనక గొలుసు లాగేటప్పుడు చక్రాలు ఆపరు. మా చుట్టుపక్కల ఏ గట్టు మీదా ఎవరూ ఆపగా నేను చూడలేదు.

ఆ ఎండాకాలమంతా అలాగే లాగాం. ఏమీ కాలేదు.

జూన్ రెండో వారంలో మా తూము దగ్గరికి కాలువ నీళ్ళొచ్చాయి. రమేష్ బాబు గారు తూము తీయించారు. వెంటనే వానలు కూడా పట్టుకున్నాయి. చెరువు రంగు మారింది. నా నాలిక మీద ఉప్పు వారం వారం దిగుతూ వచ్చింది. పద్నాలుగు పది అయింది. పది ఆరైంది. మీటరు కూడా అదే చెప్పింది.

ఇంకొకటి కూడా జరిగింది. ఫీజు కాలడం మానేసింది. పది రోజులు చూశాను, పదిహేను రోజులు చూశాను. ఒక్కసారి కూడా కాలలేదు.

కేబుల్ ఎత్తుతానన్న ఎజ్రా అప్పటికి తీరుబడి చేసుకుని వచ్చాడు. వాన పడుతోంది. షెడ్డులో కూర్చుని టీ తాగాడు.

"ఎన్నిసార్లు కాలుతోంది ఇప్పుడు?"

"కాలట్లేదు."

"అసలు?"

"కాలువొచ్చిన కాడి నుంచి లేదు."

"అయితే గోదారమ్మే నయం చేసేసిందన్నమాట" అన్నాడు. "ఈ వానలో కేబులెత్తడం ఎందుకులే. మళ్ళీ కాలితే ఫోన్ చెయ్యి అన్నా."

రెండు పోగులు కట్టానని నేను చెప్పలేదు. అతనడగలేదు.

జులై మొదట్లో ఒకరోజు గొలుసు లాగి గట్టెక్కాక సంపూర్ణమ్మ కొంగు పిండుకుంటూ నిలబడింది.

"ఏమయ్యా, గొలుసు కరుస్తోంది."

"తుప్పు" అన్నాను.

"తుప్పు గుచ్చుకుంటది. ఇది కరుస్తోంది. చక్రాల కాడికి వెళ్ళేసరికి చేతులు జివ్వుమని లాగేస్తున్నాయి. ఎండల్లో లేదు ఇలాగ."

నేను లేచి నీళ్ళ వారకి వెళ్ళాను. కరెంటు ఉందేమోనని అనుమానం వస్తే మేం నీళ్ళను అరచేత్తో ముట్టుకోం. పెడచేత్తో, అంటే చెయ్యి వెనకవైపుతో తాకుతాం. అరచెయ్యి అయితే ముడుచుకుని పట్టేస్తుంది, వెనకవైపైతే ఎగిరి బయటికి వస్తుంది. అలాగే తాకి చూశాను. ఏమీ లేదు.

"ఏం లేదు."

"రబ్బరు చెప్పులు విప్పి చూడు."

"చప్పనీళ్ళలో కరెంటు పోదు" అన్నాను. "మీటరుతో చూపించింది కదా ఆ పిల్ల. ఎండాకాలం అంత ఉప్పులోనే నీకేం కాలేదు. ఇప్పుడు కాలువ నీళ్ళలో ఏమవుద్ది?"

ఆవిడ నా మొహం కేసి చూసింది. నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అరుదు గనక నమ్మినట్టుంది. లేకపోతే నమ్మినట్టు ఉండటం మేలనుకుంది. చెప్పులు నేను విప్పలేదు.

ఆ తరవాత గొలుసు లాగిన రోజున ఆవిడేమీ అనలేదు. టీ పోసుకుని గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. గ్లాసు వణుకుతోంది. వానకి చలేసిందనుకున్నాను. ఆషాఢ మాసంలో చలేంటని అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు.

అలా మరో మూడుసార్లు లాగాం.

ముసురు పట్టి తొమ్మిది రోజులైంది. సూర్యుడు కనపడలేదు. చక్రాలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ పొద్దున ఎనిమిదింటికి ఆశాజ్యోతి వచ్చింది. రెయిన్ కోటులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి గ్లాసు చాపింది.

"చెప్పు తాతా."

"రెండు."

"రెండు పాయింట్ ఒకటి" అని పుస్తకంలో రాసుకుంది. "బాగా చప్పబడిపోయాయి. మందులు వేయమని రమేష్ బాబు గారికి చెబుతాను."

సంపూర్ణమ్మ గొలుసు తాడు చుట్ట భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగబోతూ ఆగింది.

"అమ్మా ఆశాజ్యోతీ, నీకు తెలిసిన ఆర్ఎంపీ ఎవరైనా ఉంటే చెప్పు. చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి. గొలుసు లాగినరోజు మరీను. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి రాత్రిదాకా తెరుచుకోవు. నీరసమే అయ్యుంటది. ఒక సెలైన్ పెట్టించుకుంటే పోదా?"

"మీకందరికీ సెలైన్ అంటే ఎంత నమ్మకమే అమ్మమ్మా. అది ఉప్పునీళ్ళే."

"ఉప్పునీళ్ళా? మరి ఇన్నాళ్ళూ చెరువులోనే ఉన్నానుగా. పెట్టించుకున్నట్టే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకెందుకో అడగాలనిపించింది. ఉప్పు సంగతి గనక అనిపించిందేమో.

"అందులో ఎంతుంటది?"

"సెలైన్లోనా? తొమ్మిది తాతా. మనిషి రక్తంలో ఎంత ఉప్పుంటే అంతే కలుపుతారు. అందుకే ఒంటికి పడుద్ది."

సీసాలు సంచిలో సర్దుకుని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. సంపూర్ణమ్మ నీళ్ళలోకి దిగింది. తాడు వదులుకుంటూ, అడుగు వెతుక్కుంటూ చక్రాల వైపు నడుస్తోంది. నేను నా కొస పట్టుకుని గట్టువార నిలబడ్డాను.

మనిషిలో తొమ్మిది. చెరువులో రెండు.

ఎండాకాలం చెరువులో పద్నాలుగు. అప్పుడు చెరువే మనిషి కంటే ఉప్పు. కరెంటుకి ఉప్పే దారి. దారి అంత విశాలంగా ఉండగా అది మనిషి లోంచి ఎందుకు పోతుంది? చుట్టూ చెరువంతా దానిదే. అంత పోయింది గనకే ఫీజు కాలింది. ఇప్పుడు చెరువులో దారి లేదు. ఫీజు కాలట్లేదు. కారేది ఆగిపోయిందని మేమనుకున్నాం. అది ఆగలేదు. దారి కోసం చూస్తోంది. ఇప్పుడా నీళ్ళన్నిటిలో ఉప్పున్నది ఒక్క మనిషిలోనే.

ఆవిడ ఛాతీ కిందిదాకా దిగింది. మొదటి చక్రానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

తాడు వదిలేశాను. గట్టు చివరిదాకా నడిచాను. పరిగెత్తానని సంపూర్ణమ్మ చెబుతుంది. నాకు నడిచినట్టే గుర్తు. పెట్టె తెరిచి మెయిన్ కిందకి లాగాను. మూడు ఫీజులూ ఊడదీసి పంచె మొలలో దోపుకున్నాను. కుడివైపుది వెచ్చగా ఉంది.

చక్రాలు నిదానంగా ఆగిపోయాయి. తొమ్మిది రోజుల తరవాత వాన చప్పుడు వినపడింది.

"ఏమయ్యా, కరెంటు పోయిందా?" అని కేకేసింది నీళ్ళలోంచి.

"బయటికి రా."

"గొలుసో?"

"వదిలెయ్. రా."

నేను ఒకే మాట రెండుసార్లు చెప్పే మనిషిని కాను, ఆ రోజు చెప్పాను. అందుకేనేమో ఇంకేమీ అడక్కుండా వచ్చేసింది.

రమేష్ బాబు గారు పక్క చెరువు గట్టు మీదే ఉన్నారు. అయిదు నిమిషాల్లో బండి మీద వచ్చేశారు. బండి దిగకుండానే అడిగారు.

"వీరాస్వామీ, అక్కడ కరెంటుందిగా. ఇక్కడ లేదేంటి?"

"తీశానండి."

"ఎవరు తీయమన్నారు?"

"ఎవరూ అనలేదండి."

"ఈ మబ్బులో అరగంట ఆగితే రొయ్య పైకొచ్చేస్తదని నీకు నేను చెప్పాలా? పోయి వెయ్యి."

నేను కదల్లేదు. ఆయన బండి దిగి పెట్టె దాకా వెళ్ళి చూసి తిరిగొచ్చారు.

"ఫీజులేవి?"

"మొలలో ఉన్నాయండి."

"ఇలా ఇవ్వు."

"ఎజ్రా వచ్చి కేబులెత్తి చూశాక ఇస్తానండి."

ఆయన మంచి మనిషి. గట్టు మీద ఎవరినీ ఏకవచనం దాటి తిట్టగా నేను వినలేదు. ఆ రోజు కూడా తిట్టలేదు. దగ్గరికొచ్చి వాసన చూశారు.

"పొద్దున్నే పుచ్చుకున్నావా?"

"లేదండి. చెరువులో ఉప్పు రెండండి. మా ఆడదాని ఒంట్లో తొమ్మిదండి."

ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. మీటరు ముళ్ళ సంగతీ, సెలైన్ సంగతీ, ఎండల్లో ఫీజు ఎందుకు కాలిందో, వానల్లో ఎందుకు మానేసిందో. నా జన్మలో అంత మాట ఒక్క ఊపున మాట్లాడింది అప్పుడే. మధ్యలో నోరెండిపోయింది. సంపూర్ణమ్మ తడి బట్టలతో నిలబడి వింటోంది. నేను ఆగాక ఆవిడ అందుకుంది.

"నీళ్ళు కరుస్తున్నాయని నేను ఈయనకి ముందే చెప్పానండి బాబుగారూ. చప్పనీళ్ళలో కరెంటు పోదన్నాడు."

"అన్నానండి" అన్నాను.

రమేష్ బాబు గారు చెరువు కేసి చూశారు. అప్పటికే ఒక మూల రొయ్యలు మీసాలు పైకెత్తి నీళ్ళ అంచున తిరుగుతున్నాయి. కొంగలు రెండు వచ్చి వాలాయి. ఆయన ఫోన్ తీసి ఎజ్రాకి చేశారు. తరవాత బండి పెట్టెలోంచి ఆక్సిజన్ బిళ్ళల డబ్బా తీసి మూత విప్పారు.

"మీరిద్దరూ గట్టు మీదనుంచే చల్లండి. నీళ్ళలో కాలు పెట్టకండి" అన్నారు.

ముగ్గురం మూడువైపులా తిరుగుతూ చల్లాం.

ఎజ్రా వచ్చేసరికి ముప్పావుగంటైంది. కరెంటు లేదని పరీక్ష చేసుకుని, నా మొల తట్టి ఫీజులున్నాయని చూసుకుని, లుంగీ ఎగ్గట్టి దిగాడు. కేబుల్ని చేతులతో తడుముకుంటూ పోయాడు. పోతూ పోతూ వాగుతూనే ఉన్నాడు. కేబుల్ని ఎండ్రకాయలు కొరుకుతాయని, ఉత్త టేపు నీళ్ళలో నిలవదని, తన మాట ఎవరు వింటారని. రెండో చక్రం దగ్గర ఆగాడు. కేబుల్ పైకెత్తాడు. ఎప్పటిదో పాత అతుకు. టేపు ఊడి పాచిలా వేలాడుతోంది. లోపల వేలెడు పొడుగున రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఇక్కడ నిలబడేది ఎవరు?" అన్నాడు.

"మా సంపూర్ణమ్మ. గొలుసు తిప్పేది అక్కడే."

ఎజ్రా ఆ అతుకుని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ తరవాత దాన్ని కోసి తీసేసేదాకా ఒక్కమాట మాట్లాడలేదు. ఎజ్రా మాట్లాడకపోవడం నేనప్పుడే చూశాను.

గట్టెక్కాక ఫీజులివ్వమని చెయ్యి చాపాడు. ఇచ్చాను. కుడివైపుది తిప్పి చూశాడు.

"రెండు పోగులు ఎవరు మెలేశారు?"

రమేష్ బాబు గారు నా కేసి చూశారు. సంపూర్ణమ్మ కూడా చూసింది. తనకి కరెంటు పనులు తెలియవు. కానీ ఎజ్రా గొంతు తెలుసు.

"నేనే" అన్నాను. "మే నెలలో. మాటిమాటికీ నడవలేక."

"ఒంటి పోగే కట్టమన్నాను కదన్నా. అది కాలుతుంటే కేబులెత్తేవాణ్ణి కదా."

"అవును."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

అన్నాక ఆ మాట ఎలా ఉందో నాకే తెలిసింది. ఎజ్రా మెలేసిన తీగ విప్పి చెరువులోకి కాకుండా గట్టు అవతలి బోదె కాలువలోకి విసిరేశాడు. ఒంటి పోగు కట్టి, పాడైన కేబుల్ వదిలేసి మిగతా చక్రాలు వేశాడు.

గంటన్నర ఆగాయి చక్రాలు. నాలుగు బుట్టల రొయ్య పోయింది. మిగిలింది బతికింది గానీ దెబ్బతింది. మేత సరిగా తినలేదు. అనుకున్నదానికి మూడు వారాలు ముందే పట్టేశారు. చిన్న రొయ్య.

రమేష్ బాబు గారు పది రోజులు నాతో మాట్లాడలేదు. సంపూర్ణమ్మ కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్క వేసేది. మాట లేదు. ఇంట్లో మాట లేకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. రోజంతా మాట్లాడే మనిషి పక్కనుండగా నేను మాట్లాడకపోవడం వేరు. ఇది వేరు. పదకొండో రోజున ట్రే ఎత్తుతూ అంది.

"రుచి చూడటం ఒక్కటే తెలుసు నీకు. నేను చెప్పిందాన్ని కూడా ఒక చుక్క నోట్లో వేసుకుని చూడాల్సింది."

"చూడాల్సింది" అన్నాను.

పట్టుబడి అయ్యాక సామాను సర్దుకుందామనుకుంటుండగా రమేష్ బాబు గారు షెడ్డుకొచ్చారు. బల్ల మీద కూర్చుని టీ తాగారు.

"పై పంటకి ఉంటారు కదా" అన్నారు. నన్ను కాదు, సంపూర్ణమ్మని అడిగారు.

"ఉంటామండి. ఒక మాట బాబుగారూ. నేను నీళ్ళలో దిగినప్పుడు ఆ ఫీజులు మూడూ నా దగ్గరుండాలండి. ఈయన దగ్గర కాదు. మీ దగ్గరా కాదు. నా రొంటిన ఉండాలి. నేను గట్టెక్కి ఇస్తేనే వెయ్యాలి."

"గొలుసు లాగినంతసేపూ చక్రాలు ఆపమంటావా?"

"ఎండ కాసే రోజు చూసి, పొద్దెక్కాక లాగుతానండి. రెండు విడతలుగా లాగుతాను. అప్పుడైతే రొయ్య తట్టుకుంటది."

ఆయన ఆలోచించారు. "సరే" అన్నారు.

ఇప్పుడు మా చుట్టూ ఉన్న ఆరేడు గట్ల మీద అదే పద్ధతి. దిగే మనిషి రొంటినే ఫీజులు. ఎవరు మొదలుపెట్టారని ఎవరూ అడగరు. ఆశాజ్యోతి వారం వారం వస్తుంది. ముందు నా నాలిక, తరవాత మీటరు.

ఈ ఏడు కూడా కాలువ వచ్చి నెలైంది. నిన్న ఎండ కాసింది. సంపూర్ణమ్మ పెట్టెలోంచి ఫీజులు తనే ఊడదీసి, కొంగున మూటగట్టి రొంటిన దోపుకుంది. దిగింది. నేను గట్టువార చెప్పులు విప్పి, మోకాల్లోతులోకి దిగి నా కొస పట్టుకున్నాను. నీళ్ళు నాలిక మీద వేసుకున్నాను. మూడు.

ఆవిడ చక్రాల దగ్గరికి వెళ్ళి గొలుసు సరిచేసుకుని ఆగింది. లాగదు. నేనడిగేదాకా లాగదు. అదిప్పుడు అలవాటు.

"ఎలా ఉన్నాయి?" అన్నాను.

నీళ్ళలో చేతులు రెండూ అటూ ఇటూ ఆడించి చూసింది.

"నీళ్ళలాగే ఉన్నాయి. లాగు."